వరండా పిల్లరుకు బొగ్గు బీట

పొద్దున లేచింది మొదలు నాగజ్యోతి ఒకే మాటను తిప్పి తిప్పి చెబుతోంది. ఇన్సూరెన్సు వాళ్ల తరఫున ఇల్లు చూడటానికి మనిషి వస్తారు. వచ్చినవాళ్లకు ఇల్లు ఉన్నది ఉన్నట్టు చూపించాలి. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాలి. ఆమె ప్రత్తిపాడు హైస్కూల్లో లెక్కల టీచరు. చెప్పిందే మళ్లీ చెప్పడం పిల్లల దగ్గర అలవాటైంది గానీ, మొగుడి దగ్గర అది అవసరం.

కోటేష్ అన్నిటికీ తల ఊపాడు. అతనికి తల ఊపడం, మాట వినడం వేరు వేరు పనులు.

వాళ్లది గుంటూరు నుంచి ప్రత్తిపాడు పోయే దారిలో, ఊరు అయిపోయి పత్తి చేలు మొదలయ్యే చోట వెలిసిన కొత్త కాలనీ. కిందటి నెల ఈదురుగాలికి వీధి చివరి ఇంటి రేకులు లేచి వచ్చి వీళ్ల ప్రహరీ మీద పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ చప్పుడు నాగజ్యోతి చెవుల్లోంచి పోలేదు. పదేళ్ల జీతం ఈ గోడల్లో ఉంది, ఒక్క గాలికి పోతే మళ్లీ కట్టుకునే వయసూ ఓపికా ఎక్కడివని ఆమె ఆ వారమే బీమాకు దరఖాస్తు పెట్టింది.

కోటేష్‌కు ఇది నచ్చలేదు. ఇల్లు తగలబడితే తప్ప తిరిగిరాని డబ్బు కట్టడమేమిటన్నది అతని వాదన. ఇందులో విడ్డూరమేమిటంటే అతనికి ప్రత్తిపాడులో పురుగుమందుల కొట్టుంది. పురుగు వచ్చాక మందు కొడితే ఏం లాభం, ముందే కొట్టాలి అని రోజూ రైతులకు హితవు చెప్పి డబ్బాలు అమ్మేది అతనే.

ఎలాగూ తప్పదు గనక, ఖర్చయినా తగ్గించుకోవాలనుకున్నాడు. దానికి తండ్రి బుల్లయ్య నేర్పిన విద్య ఒకటుంది. పర్చూరు పక్కన మిరప పండించిన ఆ పెద్దమనిషి, రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయను కూడా పారేసేవాడు కాదు. "కొనేవాడికి ఎర్రకాయ చూపించు, రాసుకునేవాడికి తాలు చూపించు" అనేవాడు. ఇంటి పన్ను వేసేవాళ్లు వచ్చినా, పంట లెక్క రాసేవాళ్లు వచ్చినా బుల్లయ్య ఇంట్లో అరుగు మీద తాలు బస్తానే కనిపించేది. బీమా మనిషి కూడా రాసుకునేవాడే. ఇల్లు గొప్పగా కనిపిస్తే గొప్పగా రాస్తాడు, ఆ మేరకు ఏటా కట్టమంటాడు. కాబట్టి ఇల్లు తాలుగా కనిపించాలి. రేపు ఇల్లు పడిపోతే చేతికొచ్చేది కూడా ఆ రాసిన తాలు లెక్కేనన్న సంగతి కోటేష్ బుర్రకు తట్టలేదు. బుల్లయ్య విద్యలో ఆ పాఠం లేదు.

నాగజ్యోతి స్కూటీ సందు మలుపు తిరగగానే పని మొదలైంది. సోఫాను పడగ్గదిలోకి తోశాడు. తెరలు ఊడదీశాడు. ఎదురింటి యలమందయ్య దగ్గర అమ్ముడుపోని తాలు బస్తాలుంటే ఇద్దరూ కలిసి మోసుకొచ్చి హాల్లో పేర్చారు. ఆ ఘాటుకు యలమందయ్య తుమ్మి తుమ్మి, ఇదేం బాగోతంరా అని విసుక్కుని ఇంటికి పోయాడు. కోటేష్ టీ డికాషన్ గోడ మీద చల్లి చెమ్మ మరక తయారు చేశాడు. చివరికి ఇస్త్రీపెట్టెలోంచి ఒక బొగ్గుముక్క తీసి, వరండా పిల్లరు మీద పైనుంచి కింది దాకా వంకరటింకరగా ఒక బీట గీశాడు. దూరం జరిగి చూసుకున్నాడు. సొంత ఇల్లు కూలిపోయేలా కనబడుతుంటే అంత సంతోషపడ్డ మనిషి ఆ కాలనీలో మరొకడు ఉండడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ముందురోజు సాయంత్రం, కొట్టు నిండా జనం ఉన్నప్పుడు, మాబు సాహెబ్ ఫోన్ చేశాడు. ఈ ఇల్లు కట్టిన మేస్త్రీ ఆయనే. బుల్లయ్యకు స్నేహితుడు, కోటేష్‌కు చిన్నప్పటి నుంచీ బాబాయ్. చీరాల నుంచి చెంచయ్య అనే ఆసామి వస్తాడని, ఆయన సొంతిల్లు కట్టించాలనుకుంటున్నాడని, తన పనితనం చూపించమంటే ఈ ఇల్లే చెప్పానని, కాస్త దగ్గరుండి చూపించమని మాబు సాహెబ్ అడిగాడు. ఒక చేత్తో డబ్బాలు అందిస్తూ కోటేష్ "అట్నే బాబాయ్, అట్నే" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టగానే ఆ మాట మరిచిపోయాడు.

మాబు సాహెబ్‌కు మాత్రం అది మరిచిపోయే మాట కాదు. ఊరి చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక విడి ఇళ్లకు మేస్త్రీని పిలిచేవాళ్లు తగ్గిపోయారు. రెండేళ్లుగా ఆయన ప్రహరీ గోడలూ, బాత్‌రూం మరమ్మతులూ చేసుకుంటూ నెట్టుకొస్తున్నాడు. పునాది నుంచి పైకప్పు దాకా ఒక పూర్తి ఇల్లు కట్టే పని రావడం చాన్నాళ్లకు ఇదే. ఆయన భార్య జానీబీ అప్పుడే చుట్టుపక్కల అందరికీ చెప్పేసింది. ఆయన వెంట పాతికేళ్లుగా పనిచేస్తున్న మీరావలి వేరే పని ఒప్పుకోకుండా ఆగాడు.

కారు దిగి తెల్లచొక్కా, చంకలో ఫైలు, చేతిలో టేపుతో ఒకాయన గేటు తీసేసరికి కోటేష్ చిరుగుల బనియనుతో ఎదురెళ్లాడు. వచ్చినాయన ఇల్లు చూడటానికి వచ్చానన్నాడు. పేరు అడగాల్సిన అవసరం కోటేష్‌కు కనిపించలేదు. టేపు ఉంది, ఫైలు ఉంది, ఇంకేం కావాలి?

చెంచయ్య మర్యాదస్తుడు. ఇల్లు బాగుందండీ అని మొదలుపెట్టాడు. కోటేష్ ఆ మాట పూర్తి కానివ్వలేదు. పైకి అట్లా కనపడుతుంది గానీ వానొస్తే బయటికన్నా లోపలే ఎక్కువ కురుస్తుందన్నాడు. చెమ్మ మరక చూపించాడు. హాల్లో ఎవరూ కూర్చోలేరని, అందుకే బస్తాలు పడేశామని చెప్పాడు. చెంచయ్య వరండా కొలుద్దామని టేపు తీసి, పిల్లరు మీది బీట చూసి మళ్లీ చుట్టేశాడు.

"పునాది ఎట్లా తీశారండీ?" అని అడిగాడు.

"నల్లరేగడి నేల కదండీ. వానాకాలం ఉబ్బుద్ది, ఎండాకాలం నెర్రెలిస్తది. మా ఇల్లు కూడా దాంతోపాటే ఊపిరి పీల్చి వదులుద్దండి."

"మరి కట్టినాయన ఏమీ జాగ్రత్త తీసుకోలేదా?"

"ఎవరో మేస్త్రీ లెండి," అన్నాడు కోటేష్. "ఏదో కట్టాడు."

ఈ మాట అన్నప్పుడు అతని మనసులో ఎక్కడో ఒక ముల్లు కదిలింది. ఎందుకంటే పునాది తవ్వేటప్పుడు మాబు సాహెబ్ గట్టి నేల తగిలేదాకా ఆపలేదు. ఖర్చు పెరిగిపోతోందని కోటేష్ రోజూ గొడవపడేవాడు. నల్లరేగడిని పత్తి నమ్మొచ్చు గానీ ఇల్లు నమ్మకూడదురా అని ఆయన నవ్వి, పక్క ఇళ్లకన్నా లోతుగా తవ్వించాడు. పక్క ఇళ్లలో రెంటికి నిజంగానే బీటలు వచ్చాయి. ఈ ఇంటికి రాలేదు, బొగ్గుతో గీయాల్సి వచ్చింది.

చెంచయ్య రెండు చేతులూ జోడించాడు. "ఉన్నది ఉన్నట్టు చెప్పారు. నన్ను పెద్ద ఇబ్బందిలోంచి తప్పించారండీ" అని కారెక్కాడు. బీమా మనిషికి వచ్చిన ఇబ్బందేమిటో కోటేష్‌కు అంతు పట్టలేదు. ఈ పాడుకొంప భారం కంపెనీ నెత్తిన పడకుండా కాపాడినందుకేమో అనుకుని, పని దివ్యంగా జరిగిందని పెసరట్టు వేసుకు తిన్నాడు.

చేయి కడుక్కుంటుండగా గేటు దగ్గర మోపెడ్ ఆగింది. మాబు సాహెబ్ దిగాడు, వెనక మీరావలి సిమెంటు సంచీ, సుత్తి, ఉలి, తాపీ పట్టుకుని దిగాడు. మాబు సాహెబ్ ఒంటి మీద గృహప్రవేశం నాడు కోటేష్ దంపతులు పెట్టిన చొక్కా ఉంది. చీరాల ఆసామి ఈ ఇంటికి వచ్చినప్పుడు కలుద్దామని పొద్దున్నే అది తొడుక్కుని కూర్చున్నాడు. ఈలోగా ఆ ఆసామే దారిలోంచి ఫోన్ చేసి, వేరే మేస్త్రీని చూసుకుంటానని చెప్పాడు.

కోటేష్‌కు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ముందురోజు ఫోనూ, "అట్నే బాబాయ్" అన్న తన మాటా, తెల్లచొక్కా మనిషి దండం పెట్టడమూ అన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి.

మాబు సాహెబ్ కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన కోప్పడలేదు. కంగారులో కళ్లజోడు కూడా ఇంట్లోనే మరిచి వచ్చాడు. "పని పోతే పోయిందిలే అబ్బాయ్, ఇల్లు బీట ఇచ్చిందంట. నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. పిల్లలు తిరిగే ఇల్లు కాకపోయినా మనుషులు నిద్రపోయే ఇల్లని, తను కట్టింది తనే సరిచేసి పోతానని, పైసా అక్కర్లేదని అన్నాడు. పైపూత పూస్తే దాచినట్టవుతుంది, విప్పి చూడాల్సిందేనని మీరావలికి సైగ చేశాడు.

ఆ క్షణంలో చెప్పేస్తే పోయేది. కోటేష్ నోరు తెరిచాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. మొదటి దెబ్బకు రంగు రాలింది. మళ్లీ నోరు తెరిచాడు, నాలుక తిరగలేదు. రెండో దెబ్బకు, మూడో దెబ్బకు నున్నటి ప్లాస్టరింగు పెచ్చులు పెచ్చులుగా వరండా నిండా పడింది. అబద్ధం చెప్పడానికి పొద్దున అంత ధారాళంగా పనిచేసిన నోరు, నిజం చెప్పాల్సి వచ్చేసరికి మొండికేసింది. చెక్కుచెదరని పిల్లరు ఒకటి అతని సిగ్గుకు బలైపోతోంది. మీరావలి చెమటలు తుడుచుకుంటూ, ప్లాస్టరింగు ఊడింది గానీ లోపల కాంక్రీటు ఉలికి లొంగడం లేదని, బీట ఎక్కడా కనపడ్డం లేదని గొణిగాడు.

"బాబాయ్, ఆపించు," అన్నాడు కోటేష్. "అది బీట కాదు. బొగ్గు."

మాబు సాహెబ్ ముందుకొచ్చి, ఇంకా మిగిలిన గీత మీద వేలు పెట్టి రుద్దాడు. వేలు నల్లబడింది. ఆ వేలిని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎవరు గీశారు?"

"నేనే."

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. కోటేష్ ఇన్సూరెన్సు సంగతి, తాలు సంగతి, పొరపాటు సంగతి అంతా చెప్పాడు. చెబుతున్నకొద్దీ తనకే అసహ్యం వేసింది. అంతా విన్నాక మాబు సాహెబ్ మెల్లగా అన్నాడు.

"ఇల్లు బీట ఇస్తే సిమెంటు పెట్టి పూడుస్తాను. నీ మాటని ఏం పెట్టి పూడ్చనురా?"

కోటేష్ అప్పటికప్పుడే ఆయన దగ్గర నంబరు తీసుకుని చెంచయ్యకు ఫోన్ చేశాడు. ఆయన పర్చూరు దాకా వెళ్లిపోయి ఉన్నాడు. పొద్దున చెప్పిందంతా అబద్ధమని, ఇల్లు ఇనుపగుండు లాంటిదని కోటేష్ బతిమాలాడు. మేస్త్రీ పక్కన కూర్చుని చెప్పిస్తున్నాడేమో అని ఆయన అనుమానం. నిజానికి మేస్త్రీ పక్కనే కూర్చుని ఉన్నాడు కూడా. చివరికి, గుంటూరులో ఉన్న తన కోడలికి వీలైతే వచ్చి చూడమని చెబుతానని, ఆమె మాటే తన మాటని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కేశాడు గనక కోటేష్ కడగటానికి దిగాడు. తెరలు వేలాడదీశాడు. గోడ మీద మరక తుడిచాడు. సోఫా హాల్లోకి వచ్చింది గానీ తాలు బస్తాల మధ్య ఇరుక్కుంది. బస్తాలు మోయడానికి యలమందయ్య రానన్నాడు, పొద్దుటి తుమ్ములు ఆయనకింకా తగ్గలేదు.

ఇంతలో స్కూటర్ మీద ఒక యువతి వచ్చి, ఇల్లు చూడాలండీ అంది. కోటేష్ ఇస్త్రీ చొక్కాతో ఎదురెళ్లి, రండమ్మా రండి, మావయ్యగారు క్షేమంగా చేరారా అని అడిగాడు. ఆమె కాస్త తికమకపడి, మా మావయ్యగారు బాగానే ఉన్నారండీ అంది. తన మావగారి మీద ఈయనకంత అభిమానం ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

ఇక కోటేష్ ఎర్రకాయ చూపించడం మొదలుపెట్టాడు. ఇలాంటి పునాది జిల్లాలో లేదన్నాడు. ఈ ఇల్లు ఇప్పుడు కట్టాలంటే కోటి పైమాటే అన్నాడు. ఆమె అంతవుతుందా అని అడిగితే, ఇంకా ఎక్కువే అవుతుందని ఒట్టు పెట్టుకున్నాడు. మాబు సాహెబ్ మెట్టు మీంచి దగ్గి హెచ్చరించినా వినలేదు. ఆమె అన్నీ ఫోన్లో నమోదు చేసుకుంటోంది. హాల్లో అడుగుపెట్టి తుమ్మి, ఈ బస్తాలేమిటని అడిగింది.

"నేల గట్టిదనం తెలవడానికమ్మా. ఇట్లాంటివి రెండు లారీలు దించినా చెక్కు చెదరదు. ఏడాది పొడుగునా నింపుకోవచ్చు."

ఆమె అది కూడా రాసుకుంది. తర్వాత వరండాలోకి వచ్చి పూత ఊడిన పిల్లరును, కింద పడి ఉన్న పెచ్చులను ఫోటో తీసింది. ఇదెలా జరిగిందని అడిగేసరికి కోటేష్ కాలితో పెచ్చులను గోడ వారకు నెట్టసాగాడు.

అప్పుడే నాగజ్యోతి బడి నుంచి వచ్చింది. వస్తూనే నవ్వుతూ, "శ్రీరమ్య గారు మీరేనా? ఇన్సూరెన్సు గురించి ఫోన్లో మాట్లాడింది నేనేనండీ" అంది. ఆ తర్వాత ఆమె చూపు పిల్లరు మీద పడింది, అక్కడి నుంచి మొగుడి మీదికి వచ్చింది. కోటేష్ సోఫాకూ బస్తాలకూ మధ్య ఎక్కడైనా దాక్కునే చోటుందేమో చూసుకున్నాడు. కొనేవాడికి తాలు, రాసుకునేవాడికి ఎర్రకాయ చూపించిన మొదటి మనిషి బుల్లయ్య వంశంలో అతనే.

శ్రీరమ్య మాత్రం తొణకలేదు. ఇల్లు ఎంత బాగుందన్నదీ ఎంత పాడైందన్నదీ యజమాని నోటితో తేల్చరని ఆమె చెప్పింది. కట్టుబడి ఎన్ని అడుగులో కొలుస్తారు. ఇవాళ్టి ధరల్లో అదే ఇల్లు తిరిగి కట్టడానికి ఎంతవుతుందో లెక్కేస్తారు, ఆ మొత్తానికి బీమా. స్థలం ధర అందులో కలవదు, మంటొచ్చినా గాలొచ్చినా నేల ఎక్కడికీ పోదు. తక్కువ రాయించుకుంటే కట్టేది కాస్త తగ్గుతుంది, కానీ ఆపద వస్తే సగం ఇల్లే లేస్తుంది. కోటి అని రాయించుకున్నా వచ్చేది కట్టుబడి ఖర్చే. ఇంతకీ ఏడాదికి ఎంతవుతుందని నాగజ్యోతి అడిగింది. శ్రీరమ్య చెప్పిన అంకె విని కోటేష్ పిల్లరు వైపు చూశాడు. ఊడిన ఆ పిల్లరు పూత మళ్లీ పూసి రంగు వేయించడానికే అంతకన్నా ఎక్కువవుతుంది. పైగా ఆ బస్తాలు తీసేస్తే గానీ దీన్ని కాపురముండే ఇల్లుగా రాయడం కుదరదని, గోదాము అయితే వేరే పాలసీ, వేరే ధర అని శ్రీరమ్య మెత్తగా చెప్పింది.

వీళ్లిలా మాట్లాడుకుంటుండగా గేటు దగ్గర కారు ఆగింది. కోడలికి తీరిక లేకపోవడంతో చెంచయ్యే వెనక్కి తిరిగి వచ్చాడు. పర్చూరులో టీ తాగుతూ ఆలోచిస్తే, ఇల్లు బాగాలేదని అంత ఉత్సాహంగా చెప్పే యజమాని ఎక్కడైనా ఉంటాడా అని అనుమానం వచ్చిందట.

కోటేష్ ఆయన ముందుకు వెళ్లి నిలబడ్డాడు. ఈసారి నోరు తిరిగింది.

"పొద్దున నేను చెప్పినవన్నీ అబద్ధాలండి."

"ఇప్పుడు నాకు చెప్పినవో?" అని శ్రీరమ్య అడిగింది.

"అవి కొంచెం ఎక్కువమ్మా," అని కోటేష్ మళ్లీ చెంచయ్య వైపు తిరిగాడు. "కట్టింది ఎవరో మేస్త్రీ కాదు, మా బాబాయ్. మా నాన్న పోయినాక నన్ను మందలించే మనిషి ఈయనొక్కడే. నా తెలివితక్కువకి ఈయన పని పోగొట్టబాకండి."

చెంచయ్య పిల్లరు దగ్గరికి వెళ్లాడు. వేలితో తడిమి చూశాడు. ప్లాస్టరింగు ఊడిన చోట కాంక్రీటు నున్నగా, బిగువుగా ఉంది, ఎక్కడా గుల్ల లేదు. ఉలి దెబ్బలకు తెల్లగా గీతలు పడ్డాయంతే. మీరావలి మొన విరిగిన ఉలిని చూపించి, ఇది కొత్తదండీ అని దిగులుగా అన్నాడు. చెంచయ్య నవ్వాడు. ఈ వారం చాలా ఇళ్లు చూశానని, అందరూ రంగులూ టైల్సూ చూపించారని, పిల్లరు లోపల ఎలా ఉంటుందో చూపించింది ఈ ఇంట్లోనేనని అన్నాడు. ఆ తర్వాత మెట్టు మీదున్న మాబు సాహెబ్ పక్కన వచ్చి కూర్చుని, ఫైలు విప్పి ప్లాను ఆయన ఒళ్లో పెట్టాడు.

మాబు సాహెబ్ ప్లాను చూడబోయి, కళ్లజోడు లేదని గుర్తొచ్చి, నల్లబడిన వేలిని చొక్కాకు తుడుచుకోబోయి ఆగాడు. ఆ చొక్కా ఎవరు పెట్టారో గుర్తొచ్చినట్టుంది. కోటేష్ గబగబా తువ్వాలు తెచ్చి ఇచ్చాడు. ఆయన వేలు తుడుచుకుని, తువ్వాలు తిరిగి ఇవ్వకుండా భుజాన వేసుకున్నాడు. అంటే క్షమించాడని కోటేష్‌కు అర్థమైంది. కళ్లు చెమర్చాయి. బస్తాల ఘాటని అందరికీ చెప్పుకున్నాడు.

శ్రీరమ్య వెళ్లబోతుంటే నాగజ్యోతి గేటు దాకా వెళ్లింది. మంట నుంచి, గాలి నుంచి, వరద నుంచి ఈ ఇంటికి కాపుదల దొరికింది, మరి ఇంటాయన చేసే నష్టం కూడా ఇందులో వస్తుందా అని అడిగింది. యజమాని కావాలని చేసుకున్నదానికి ఏ పాలసీలోనూ పరిహారం ఉండదని శ్రీరమ్య చెప్పింది.

ఆ ఒక్క ప్రమాదానికి నాగజ్యోతి సొంతంగా ఏర్పాటు చేసుకుంది. ఏటా పాలసీ రెన్యువల్ చేయించే రోజున కోటేష్ తెల్లవారకముందే కొట్టుకు వెళ్లిపోతాడు.